పరగడుపు మాత్ర

ఇర్మా మూటలో పెట్టిన ఉన్ని చొక్కాను బసీలియా మళ్ళీ బయటికి తీసి గోడ మేకుకు తగిలించింది. పొద్దుటి నుంచి ఇది మూడోసారి.

"అమ్మా, అదిటివ్వు."

"ఉతకాలి."

"నిన్ననేగా ఉతికావు."

"ఇంకోసారి ఉతుకుతాను. నా మొగుడి చొక్కా, నా సబ్బు. మధ్యన నీదేం పోయింది?"

ఇర్మా వెళ్ళి చొక్కా తీసుకొచ్చి మూట అడుగున దోపింది. శనివారం ఉదయం ఆరింటికి సుక్రే వెళ్ళే కారు గుమ్మం ముందుకు వస్తుంది. తండ్రిని అందులో ఎక్కించి తన ఇంటికి తీసుకుపోతానని ఆమె సోమవారమే తేల్చి చెప్పేసింది. ఇవాళ గురువారం. ఈ మూడు రోజుల్లో తల్లీకూతుళ్ళు మాట్లాడుకున్నదంతా చొక్కాల గురించీ మేజోళ్ళ గురించే.

అసలు మాట ఇద్దరి నోళ్ళలోనూ ఉంది. ముందు ఎవరు కక్కుతారన్నదే మిగిలింది.

సెనోబియో కిటికీ దగ్గర మంచం మీద కూర్చుని ఉన్నాడు. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం, ఒంటి మీద రెండు దుప్పట్లు. బయట ఎండ కాస్తున్నా ఆయనకు చలి తగ్గదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు పొతోసి కొండ కడుపులో రాయి కొట్టిన మనిషి. ఆ రాతి పొడి ఇప్పుడు ఆయన ఊపిరితిత్తుల్లో కాపురం పెట్టింది. ఆ వీధిలో అది వింత కాదు. రెండిళ్ళకొక మంచం, ఒక సిలిండరు ఉంటాయి. కానీ ఏడాదిగా ఆయన ముఖం ఉబ్బింది. కనుబొమల చివర్లు రాలిపోయాయి. గొంతు మొద్దుబారింది. కూర్చున్నచోటే నిద్ర. అన్నిటికంటే బాధ పెట్టేది ఆయన జవాబు. చారు వడ్డిస్తూ ఉప్పు సరిపోయిందా అని అడిగితే, గిన్నెలు కడిగే వేళకు "సరిపోయింది" అనేవాడు.

"కొండ తనవాణ్ణి పిలుచుకుంటోంది" అని వీధి వీధంతా తీర్మానించేసింది. ఒప్పుకోనిది డాక్టర్ పలోమా ఒక్కతే. ఆర్నెల్ల కిందట రక్తం తీయించి చూసి, థైరాయిడ్ అంది.

"ఏళ్ళ తరబడి ఊపిరి సరిగ్గా ఆడనివాళ్ళలో కొందరికి గొంతులో ఉండే ఈ గ్రంథి కూడా మందగిస్తుంది. అందరి కళ్ళూ ఊపిరితిత్తుల మీదే ఉంటాయి గనక దీన్నెవరూ పట్టించుకోరు. మాత్ర వేసుకుంటే ఊపిరితిత్తులు కొత్తవైపోవు. కానీ ఉన్న ఊపిరితోనే మనిషి లేచి నాలుగడుగులు వేస్తాడు. పొద్దున్నే పరగడుపున, నీళ్ళతో ఇవ్వండి" అని చెప్పింది.

మొదట అర మాత్ర ఇచ్చారు. గుణం లేకపోతే ఒకటి చేశారు. మొన్న సోమవారం మళ్ళీ రక్తపరీక్ష కాగితం చూసి, డాక్టరమ్మ దాన్ని రెండు చేసింది. చేస్తూ ఒక మాట అంది: "అసలు ఈ మాత్రలు ఆయన ఒంట్లోకి వెళ్తున్నట్టు లేదు."

ఆ మాటకు ఇర్మా తల తిప్పి తల్లిని చూసింది. అప్పుడు మొదలైంది ఈ మూట.

"చొక్కాల్ని ఎందుకే ఇలా చంపుతావు?" అంది బసీలియా, ఇక ఆగలేక. "మాత్ర ఇస్తున్నావా లేదా అని నోరు తెరిచి అడగరాదూ?"

"అడిగితే ఏం చెప్తావు?"

"ఇస్తున్నానని చెప్తాను. ఆరింటికి, నా చేత్తో, గ్లాసుడు నీళ్ళతో. ఒక్క రోజు మానలేదు."

"మరి ఆ కాగితం అబద్ధం చెప్తోందా?"

"కాగితం సంగతి నాకేం తెలుసు? నా చెయ్యి సంగతి నాకు తెలుసు."

ఇర్మా గొంతు తగ్గించింది. "కార్నివాల్ పండగప్పుడు నువ్వేమన్నావో నాకు గుర్తుంది. నాన్న ఎగశ్వాసతో కొట్టుకుంటుంటే, 'ఎందుకింకా లాగడం, హాయిగా పోనివ్వక' అన్నావు. నేను గుమ్మంలోనే ఉన్నాను."

బసీలియాకు చెంప మీద కొట్టినట్టయింది. అన్నది నిజమే. మూడు రాత్రులు నిద్ర లేక, ఆయన బాధ చూడలేక, దేవుడి మీద కోపంతో అన్న మాట. నలభై రెండేళ్ళ కాపురంలో ఒక్కసారి జారిన ఆ మాటను కూతురు ఇన్నాళ్ళూ మూట కట్టి దాచుకుంది.

"నాన్ననే అడుగుదాం" అని ఇర్మా మంచం అంచున కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుంది. "నాన్నా, ఇటు చూడు. అమ్మ నీకు రోజూ మాత్ర ఇస్తోందా?"

సెనోబియో నెమ్మదిగా కళ్ళెత్తాడు. బుగ్గన ఉన్న కోకా ఆకు ముద్ద ఒక పక్క నుంచి రెండో పక్కకు మారింది. ఇద్దరూ ఎదురుచూశారు. ఆయన పెదవులు కదిలాయి, ఏదో వెతుక్కుంటున్నట్టు నుదురు ముడిపడింది, తర్వాత రెప్పలు వాలిపోయాయి. నిద్ర పట్టేసింది.

"చూశావా?" అంది ఇర్మా.

"ఏం చూడమంటావు? నిద్రపోయాడు."

"ఇస్తోంది అని ఒక్క మాట అనడానికి ఎంతసేపు కావాలమ్మా?"

మూటలోంచి చొక్కా తీయడానికి ఈసారి బసీలియాకు చెయ్యి రాలేదు.

*

మధ్యాహ్నం ఎండ పెరట్లోకి దిగాక బసీలియా బూడిద కలపడానికి కూర్చుంది. ప్రయాణం తప్పనప్పుడు ప్రయాణానికి కావలసినవి చెయ్యాలి కదా.

ఒట్టి కోకా ఆకు నమిలితే గడ్డి నమిలినట్టే ఉంటుంది. మన తాంబూలానికి సున్నం ఎలాగో దానికి బూడిద బిళ్ళ అలాగ. గోటితో గిల్లి ముద్దలో పెడితేనే రసం దిగుతుంది. గనిలో అన్నం తినరు. దుమ్ములో తిన్న అన్నం ఒంటపట్టదని వాళ్ళ నమ్మకం. బుగ్గన ముద్ద చప్పబడితే సగం పూట గడిచిందని లెక్క. సెనోబియో గని మానేసి తొమ్మిదేళ్ళయింది. అయినా తెల్లవారుజామున నాలుగింటికి లేవడమూ మానలేదు, లేవగానే బుగ్గన ఆకు పెట్టడమూ మానలేదు. ముఖం కడుక్కోవడం ఎలాగో అదీ అలాగే.

కిందటి చలికాలం నుంచీ ఆకు చప్పగా ఉందని గొణిగేవాడు. బసీలియా బిళ్ళలో సున్నం పాలు పెంచింది. నీరసం ఎక్కువైనకొద్దీ ఆయన ముద్దలూ పెంచాడు. కాల్చిన కినోవా కాడల బూడిద, సున్నం, ఉడికించిన దుంప కలిపి ఆమె పిసుకుతుంటే ఇర్మా వచ్చి ఎదురుగా చతికిలబడింది.

"ఇంకాస్త సున్నం వెయ్యమ్మా. నాన్నకు ఘాటు చాలట్లేదు."

"వేశాలే."

"ఎక్కువ చేసిపెట్టు. సుక్రేలో ఇలాంటిది దొరకదు."

"నువ్వు నెలనెలా పంపేది ఉందిగా, ఆ తెల్ల సున్నం బిళ్ళ, సోంపు వాసనది."

"ఈసారీ తెచ్చాను, బ్యాగులో ఉంది. దారిలో వేసుకుంటాడని. కానీ నాన్నకు నీ చేతిదాని మీదే ప్రాణం."

వారం మొత్తానికి కూతురి నోట వచ్చిన తీపి మాట అదొక్కటే. బసీలియా కళ్ళు చెమర్చాయి. పొయ్యి పొగ మీద నెపం పెట్టి తుడుచుకుంది. ఇద్దరూ కలిసి బిళ్ళలు తట్టారు. అరచేతులు నల్లబడ్డాయి. కోపం కాసేపు పక్కకు తప్పుకుని కూర్చుంది.

"నాలుగింటికి లేస్తాడాయన. నువ్వు లేవగలవా?"

"లేస్తాను."

"నువ్వా? బడిగంట కొట్టినా లేచిన పాపాన పోలేదు చిన్నప్పుడు."

ఇర్మా నవ్వు ఆపుకుంది. "అక్కడ ఇంత ఎత్తు కాదమ్మా. గాలి చిక్కగా ఉంటుంది. నాన్నకు ఆయాసం తగ్గుతుంది. అది మాత్రం నువ్వు కాదనలేవు."

కాదనలేదు. అది నిజమని బసీలియాకూ తెలుసు. నువ్వూ రా అని మాత్రం ఇర్మా అనలేదు. రమ్మంటే రానని చెప్పడానికి బసీలియా మూడు రోజులుగా జవాబు సిద్ధం చేసి పెట్టుకుంది. అడిగినవాళ్ళు లేరు.

ఇరవై బిళ్ళలు ఎండకు పెట్టారు.

*

శుక్రవారం పొద్దున చర్చికని చెప్పి బసీలియా బయల్దేరింది. వీధి మలుపులో ఆకు అమ్మే రెహినా గోనె పట్టా మీద కూర్చుని ఉంది. ఇర్మాకు బాప్తిస్మంలో పేరు పెట్టిన జ్ఞానతల్లి ఆవిడే.

"ఏం వదినా, అన్నయ్యను కూతురు ఎత్తుకుపోతోందటగా? మాత్రల దగ్గర ఏదో మాటొచ్చిందనీ..."

"నీ ఆకులు తూచుకో రెహినా, నా ఇల్లు తూచకు" అని బసీలియా ఆగకుండా నడిచింది. అయితే వీధికి కూడా తెలిసిందన్న మాట.

డాక్టర్ పలోమా కొచబాంబా నుంచి వచ్చిన చిన్నది. ముప్ఫై దాటి ఉండవు. ఈ ఊరి మెట్లెక్కితే ఇంకా ఆమెకే రొప్పు. బసీలియా నేరుగా ఆమె ఆసుపత్రి గదిలోకి వెళ్ళి కూర్చోకుండానే అడిగేసింది.

"డాక్టరమ్మా, నాకొక కాగితం రాసివ్వండి. ఈవిడ మాత్రలు సరిగ్గానే ఇస్తోందని. ముద్ర వేసి."

"నేను కళ్ళతో చూడంది ఎలా రాయను, బసీలియా గారూ?"

"నేను కావాలనే మానేశానని నా కూతురు అనుకుంటోంది. రేపు ఆరింటికి తీసుకుపోతుంది ఆయన్ని. ఈ వయసులో, ఈ ఊపిరితో వెళ్ళినవాడు మళ్ళీ నా గుమ్మం తొక్కుతాడా? పోనీ పోతే పోయాడు. నేను చంపుతున్నానని పోతే ఎలాగమ్మా?"

డాక్టరమ్మ లేచి కుర్చీ జరిపి ఆమెను కూర్చోబెట్టింది. "ఆయన లేచిన దగ్గర్నుంచీ వరసగా చెప్పండి."

"నాలుగింటికి లేస్తాడు. ఆరింటికి నేను మాత్ర ఇస్తాను. ఏడింటికి రొట్టె, టీ."

"మాత్రకు ముందు పాలు?"

"లేవు."

"కాఫీ?"

"మా ఇంట్లో కాఫీ ఎక్కడిది?"

"రొట్టె ముక్క, పండు, ఇంకేదైనా మందు?"

"ఏమీ లేదు. పుట్టిననాడు ఎంత ఖాళీయో అంత ఖాళీ. మీరు పరగడుపున అన్నారు, నేను పరగడుపునే ఇచ్చాను."

డాక్టరమ్మ పెదవి విరిచింది. ఇక రాయడానికేమీ లేదు. బసీలియా చెయ్యి తనంత తానే నడుముకున్న సంచిలోకి వెళ్ళింది. దిగులేస్తే ఆ చెయ్యి వెళ్ళేది అక్కడికే. నాలుగాకులు నోట్లో పెట్టుకుని, బిళ్ళ అంచు పంటితో కొరికింది.

"అదేమిటి, ఆ నల్లటిది?"

"బూడిద. నేనే చేస్తాను. కినోవా కాడలు కాల్చి, సున్నం కలిపి. మీకో ముక్క కావాలా? మీ ఆయాసానికి మంచిది."

"సున్నమా?" డాక్టరమ్మ చేతిలో కలం ఆగింది. "ఆయన కూడా వేసుకుంటారా?"

మూడు రోజుల తర్వాత బసీలియాకు నవ్వొచ్చింది. "గనివాడు ఆకు లేకుండా మంచం దిగుతాడా?"

"ఎన్నింటికి?"

"చెప్పానుగా, నాలుగింటికి లేస్తాడని."

"మాత్రకు ముందు ఏమీ తీసుకోడన్నారు!"

"తీసుకోడు. ఆకు తిండి కాదుగా డాక్టరమ్మా. నమిలి ఊసేస్తాం."

"రసం?"

"రసం మింగుతాం. ఆకంటే అదేగా."

డాక్టర్ పలోమా రెండు చేతులతో ముఖం కప్పుకుంది. కాసేపటికి చేతులు తీసి చాలా నెమ్మదిగా చెప్పింది. "కడుపులో సున్నం, బూడిద ఉంటే ఈ మాత్ర ఒంటికి పట్టదు. అవి దాన్ని పట్టుకుని బయటికి లాక్కుపోతాయి. ఆర్నెల్లుగా పాలూ కాఫీ అని మా ఊరి పరగడుపు గురించే అడుగుతూ వచ్చాను. మీ ఊరి పరగడుపు ఏమిటో అడగలేదు. తప్పు నాది."

బసీలియా ఆమె మాట మొత్తం వినలేదు. ఒక్క ముక్క దగ్గరే ఆగిపోయింది.

"అంటే నా చేత్తో ఇచ్చిన మాత్రను నా చేతి బూడిదే తినేసిందా?"

"అలా అనుకోకండి."

"మరెలా అనుకోమంటారు? ఆకు చప్పగా ఉందంటే సున్నం పెంచాను. ఆయన ఇంకా నీరసపడితే ఇంకా పెంచాను."

"ఆకు మానమని నేననను. అన్నా ఆయన మానరు. లేవగానే ముందు మాత్ర, నీళ్ళు. నాలుగు గంటలు ఆగి, అప్పుడు ఆకు." డాక్టరమ్మ కాగితం లాక్కుని రాయసాగింది. "ఇంకొకటి బాగా వినండి. రెండు మాత్రలు ఇవ్వద్దు. ఇన్నాళ్ళూ అవి పట్టలేదు గనక సరిపోయింది. ఇప్పుడు రెండూ ఒంటికి పట్టాయంటే, కొన్ని వారాల్లో ఆయన గుండె పరుగు లంకించుకుంటుంది. ఆ ఊపిరితిత్తులతో అలసిపోయిన గుండె అది, తట్టుకోలేదు. మళ్ళీ అర మాత్ర నుంచి మొదలుపెడదాం. ఇందులో మోతాదు, వేళ మాత్రమే రాశాను. మిగతాది ఇంట్లో మీ మాటల్లో మీరు చెప్పండి. నన్ను ఫోను చెయ్యమంటే చేస్తాను."

"వద్దు. నా నోరు నాకుంది" అంది బసీలియా.

నోరైతే ఉంది. దారంతా అది పెగల్లేదు. కాగితం రవికలో దోపుకుని కొండ వైపు చూస్తూ నడిచింది. నేను ఇస్తున్నానని నిరూపించుకుందామని వెళ్ళింది. ఇచ్చింది కూడా నిజమే. కానీ ఇచ్చిన చేత్తోనే లాక్కుంది. కూతురి అనుమానం తప్పు, కూతురి మాట ఒప్పు. ఈ సంగతి ఏ ముఖంతో చెప్పడం? కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది. డాక్టరమ్మ మోతాదు మార్చిందని కాగితం ఇచ్చేస్తే చాలు కదా, బూడిద మాట ఎత్తడం ఎందుకు?

గుమ్మంలో ఇర్మా అడిగింది. "ఇంతసేపా చర్చిలో?"

"పాపాలు ఎక్కువ" అంది బసీలియా. ఆ పూట మింగలేక కక్కలేక గడిపింది. కాగితం రవికలోనే ఉండిపోయింది.

*

శనివారం నాలుగింటికి సెనోబియో లేచి అలవాటు చొప్పున తలగడ కింద సంచి కోసం తడిమాడు. సంచి దొరకలేదు. ఎదురుగా బసీలియా నీళ్ళ గ్లాసుతో నిలబడి ఉంది.

"ముందు ఇది" అంది.

ఆమె సీసాలోంచి ఒక మాత్ర తీసింది. గోళ్ళ మధ్య పెట్టి రెండుగా విరిచింది. సగం ఆయన నాలుక మీద పెట్టి, సగం మళ్ళీ సీసాలో వేసింది. దీపం వెలిగింది. గుమ్మంలో ఇర్మా నిలబడి ఉంది, చేతిలో మూటతో.

"విరిచి దాచేస్తున్నావా!"

"ఇర్మా..."

"రెండు ఇవ్వమంటే అరా? ఇలాగేనా ఆర్నెల్ల నుంచీ? నాది అనుమానమే అనుకున్నాను. కళ్ళతో చూస్తాననుకోలేదమ్మా." ఆమెకు ఏడుపొచ్చేసింది. అరుస్తుందనుకున్న బసీలియాకు ఆ ఏడుపు ఇంకా కష్టంగా ఉంది.

"డాక్టరమ్మే రాసింది. నిన్న వెళ్ళాను."

కాగితం చేతులు మారింది. ఇర్మా దీపం దగ్గర పెట్టుకుని చదివి, దాన్ని మంచం మీద పడేసింది.

"సోమవారం రెండు, శుక్రవారానికి అరా? జబ్బు పెరిగితే మందు తగ్గించడం ఎక్కడన్నా ఉందా? నాన్నను పంపడం ఇష్టం లేక ఆవిడ కాళ్ళావేళ్ళా పడి రాయించుకొచ్చావు. నిన్న చర్చికని చెప్పలేదూ నువ్వు?"

ఒక్క అబద్ధం ఎంత పని చేసింది! ఇప్పుడు ఆ కాగితాన్ని నమ్మించాలంటే దాని వెనక ఉన్నది చెప్పక తప్పదు. చెప్పకపోతే ఆరింటికి కారొస్తుంది, ఆయన వెళ్ళిపోతాడు, రేపు తెల్లారేసరికి సుక్రేలో రెండు మాత్రలు, సంచి నిండా ఇరవై బిళ్ళలు. ఆ మాత్రలు ఒంటికి పట్టినా ముప్పే, పట్టకున్నా ముప్పే.

బసీలియా పెరటి తలుపు తీసి, ఎండిన బిళ్ళల చాట తీసుకొచ్చి బల్ల మీద పెట్టింది.

"మాత్ర రోజూ ఇచ్చాను. ఈ బూడిద కూడా రోజూ ఇచ్చాను. నాలుగింటికి ఇది, ఆరింటికి అది. సున్నం కడుపులో ఉంటే మాత్ర పట్టదట. ఆయన ఒంట్లోకి పోనివ్వకుండా అడ్డం పడింది నా చెయ్యే ఇర్మా. నువ్వనుకున్నట్టు కాదు. కానీ నా చెయ్యే."

ఇర్మా దీపాన్ని చాట దగ్గరకు జరిపింది.

"డాక్టరమ్మ కాఫీ తాగాడా అని అడిగింది, లేదన్నాను. ఏమన్నా తిన్నాడా అంది, లేదన్నాను. ఆకు తిండని నాకెవరు చెప్పారే? మా అమ్మ చెప్పిందా, మా అత్త చెప్పిందా? మా నాన్నకూ పెట్టాను, మా అన్నలకూ పెట్టాను. బతకాలనే పెట్టాను." బసీలియా ఏడవలేదు. ఏడిస్తే కూతురు జాలిపడుతుందని భయపడింది. "హాయిగా పోనివ్వమని ఒకనాడు అన్నాను. అన్నది నిజం. కానీ పోనివ్వాలనుకున్నదాన్ని అయితే నాలుగింటికి లేచి కూర్చుంటానా?"

సిలిండరు బుసబుస ఒక్కటే వినిపించింది.

ఇర్మా చాటలోంచి ఒక బిళ్ళ తీసి చూసింది. గురువారం తాను తట్టినది. దాని మీద తన వేళ్ళ అచ్చులున్నాయి. ఇంకాస్త సున్నం వెయ్యమన్నది తానే. ఆమె బిళ్ళ కింద పెట్టి తన బ్యాగు దగ్గరకు వెళ్ళింది. అడుగున వెతికి ఒక పొట్లం తీసుకొచ్చి చాట పక్కన పెట్టింది. గది సోంపు వాసన వేసింది.

"నెలనెలా పంపాను" అంది. "నాన్నకు ఇష్టమని. సంతలో రెండు రకాలుంటే ఘాటుది ఏరి మరీ పంపాను."

తల్లి నల్లటి బిళ్ళలు, కూతురి తెల్లటి పొట్లం. వాటికి చెరో పక్కన ఇద్దరూ కూర్చుండిపోయారు. ఒకరినొకరు తిట్టుకోవడానికి ఇద్దరి దగ్గరా ఏమీ మిగల్లేదు. అప్పుడు ఓదార్చుకోవచ్చు కదా అంటే, అదీ చేత కాలేదు.

కిటికీ తెల్లబడింది. కొండ కొన కనిపించసాగింది.

"ఆకేదీ?" అన్నాడు సెనోబియో.

"ఎనిమిదింటికి" అంది బసీలియా.

ఖాళీ బుగ్గను వేలితో తడుముకున్నాడు. చాటను చూశాడు, పొట్లాన్ని చూశాడు, కూతుర్ని చూశాడు. నుదురు ముడిపడింది. పెదవులు కదిలాయి. ఏదో లోతులోంచి బండ లాగుతున్నవాడిలా ఊపిరి తీసుకున్నాడు.

"రోజూ ఇచ్చింది" అన్నాడు.

"ఏంటి నాన్నా?"

"మాత్ర. మీ అమ్మ. అడిగావు కదా." ఊపిరి అందక ఆగాడు. "ఒక్క రోజూ మానలేదు."

గురువారం అడిగిన ప్రశ్నకు శనివారం జవాబు వచ్చింది. ఇన్నాళ్ళూ ఆ మనిషి మొద్దుబారిన బుర్రలో దాన్ని మోస్తూనే ఉన్నాడు, రెండు రోజులు నడిచి తీసుకొచ్చి కూతురి చేతిలో పెట్టాడు. ఇర్మా ఆయన మోకాళ్ళ మీద తల పెట్టి భోరుమంది. బసీలియా లేచి వెళ్ళి కిటికీ వైపు తిరిగి నిలబడింది. ఆమెకు కావలసిన కాగితం అది. దాని మీద ముద్ర అక్కర్లేదు.

బయట కారు ఆగింది. హారను మోగింది.

ఇర్మా కళ్ళు తుడుచుకుని లేచింది. మూట గుమ్మంలో పడి ఉంది. సుక్రేలో గాలి చిక్కగా ఉంటుందన్నది ఇప్పటికీ నిజమే. ఈ ఇంట్లో నాలుగింటికి లేచే మనిషి ఉందన్నదీ నిజమే. ఆమె తల్లిని చూసింది. తల్లి వెళ్ళమనలేదు, ఉండమనలేదు. నువ్వూ రా అనే మాట ఇర్మా నాలుక చివరి దాకా వచ్చింది. ముందు ఆయన్ని అడగాలనిపించింది.

"నాన్నా, నాతో వస్తావా? ఇక్కడే ఉంటావా?"

సెనోబియో నెమ్మదిగా కళ్ళెత్తాడు.

"ఎంతసేపమ్మా? ఇంకా ఇద్దర్ని ఎక్కించుకోవాలి!" అని డ్రైవరు వీధిలోంచి కేకేశాడు.

ఇద్దరూ కదల్లేదు. ఆయన జవాబుకు ఎంతసేపు పడుతుందో వాళ్ళకు తెలుసు. మంచానికి ఇటొకరు అటొకరు కూర్చుని, ఆయన పెదవుల వైపే చూస్తూ ఉండిపోయారు. హారను మళ్ళీ మోగింది.